ఎక్కడా పొడి లేకుండా

మా మేనత్త పోయిందన్న కబురు లిలువా నుంచి వచ్చేసరికి నేను గిన్నెలు తోముతున్నాను. తడి చేతులతోనే ఫోను తీశాను. అప్పటికే సంఘం గ్రూపులో ఎవరో పెట్టేశారు, మన ప్రియ సహోదరి ప్రభువునందు విశ్రాంతిలో ప్రవేశించారని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. ఏడుపు రావలసిన చోట నాకు ముందు ఆ మాటే అడ్డం పడింది. విశ్రాంతి అట. మా అత్తకట. బతికి ఉండగా కుర్చీలో వీపు ఆనించి కూర్చోవడం నేను ఎన్నడూ చూడని మనిషికి.

ఆమె పోయి నెల దాటింది. జ్ఞాపకార్థ కూడికలో చాలామంది లేచి సాక్ష్యం చెప్పారు. రోజూ వంటకు ముందు దేవుడి పేర పిడికెడు బియ్యం తీసిపెట్టేదని, రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసినన్నాళ్లూ రోగుల మంచాల దగ్గర ప్రార్థన చేసేదని, రోడ్లు మునిగిన వానలో కూడా ఆరాధన మానలేదని. అన్నీ నిజమే. కాని ఆమె చేసిన అన్నిటికన్నా పెద్ద పని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే వాళ్లెవరికీ తెలియదు. నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. "మా అత్త మంచిది" అని కూర్చున్నాను. పదిమందిలో నాకు గొంతు పెగలదు.

ఆ రోజు నుంచి నాకూ కూర్చోబుద్ధి కావడం లేదు. తుడిచిన అలమరే మళ్లీ తుడుస్తున్నాను. మా ఆయన చూసి చూసి, "మీ అత్త నీలోకొచ్చేసినట్టుంది. నోటితో సెప్పలేకపోతే రాసి పడెయ్" అన్నాడు. అందుకని కలం పట్టాను. నాది హైస్కూలు చదువు. మా అత్త గురించి చెప్పడానికి ఆ మాత్రం తెలుగు చాలనుకుంటాను.

మాది శ్రీకాకుళం వైపు. మా తాత కూలికి కలకత్తా వచ్చాడు, మా నాన్న ఇక్కడే ఓడరేవు డాకుల్లో బస్తాలు మోశాడు, మేము వాట్‌గంజ్‌లో ఉండిపోయాం. నాన్నకు ఒక్కతే చెల్లెలు, మా అత్త. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మనిషిని చేసుకుని గంగ దాటి, హౌరా పక్కన లిలువా వెళ్లింది. పిల్లలు కలగలేదు, మావయ్య తొందరగా పోయాడు. నన్ను సగం మా అమ్మ పెంచితే, సగం ఆమె పెంచింది.

శనివారం మా ఇంటికి వచ్చేది. సంచీ కింద పెట్టక ముందే చీపురు చేతిలో ఉండేది. "కూకో అత్తా, టీ తాగు" అంటే, "కూకుంటే కాళ్లకి వేళ్లూరిపోతాయే" అనేది. టీ కూడా గుమ్మంలో నిలబడి తాగేది. ప్రార్థన నడుస్తూ చేసేది, గది ఈ గోడ నుంచి ఆ గోడకు. ఒకసారి కూడికలో పాస్టరుగారు, "కాస్త కూర్చోండమ్మా, వాక్యం వినండి" అన్నారు. "మీరు సెప్పండి పాస్టరుగారూ, నాను ఇంటన్నాను. సెవులు కాళ్లలో లేవు గదా" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

మా అమ్మ మంచాన పడినప్పుడు రోగిని తడిగుడ్డతో ఎలా తుడవాలో నాకు నేర్పింది ఆమే. నుదురు ముందు, తరవాత చెవుల వెనక, మెడ మడతలు, చంకలు, వేళ్ల సందులు, చివరికి అరికాళ్లు. నేను తొందరపడి ఏ మోచేయో వదిలేస్తే చేయి పట్టుకుని ఆపేది. "ఎక్కడా పొడి ఉండకూడదమ్మీ. పొడిగా వదిలీసిన జాగాకి తెలిసిపోతాది, నన్ను మర్సిపోయారని." ఇది ఆమె ఆసుపత్రిలో నేర్చుకున్నదో, తనే అనుకున్నదో నాకు తెలియదు.

ఇక మా నాన్న సంగతి చెప్పాలి. హౌరాలో ఉన్న మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. వయసొచ్చాక ఎవరికి వారే అడిగి, తొట్టిలో నిండా మునిగి పుచ్చుకోవాలి. నాన్న పడుచువాడిగా ఉన్నప్పుడు అడిగాడట. ముందు బీడీ మానేస్తానని అందరి ఎదుటా ఒప్పుకోమన్నారు పెద్దలు. ఈయనకు రోషం వచ్చింది. "మీ తొట్టిలో ఉన్నవి హౌరా కొళాయి నీళ్లే కదా. యేసు మునిగిన యొర్దాను నీళ్లు తెండి, అప్పుడు దిగుతాను" అని లేచి వచ్చేశాడు. ఆ తరవాత ఎందరు పాస్టర్లు మారినా అందరికీ అదే జవాబు. దేవుణ్ణి వదల్లేదు. పాటలన్నీ వచ్చు. తొట్టిలో మాత్రం దిగలేదు.

అమ్మను హౌరా వైపు మా సంఘం సమాధుల తోటలో పెట్టాం. పక్కన కొంచెం ఖాళీ ఉంది. సమాధుల పండుగకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించాక నాన్న ఆ ఖాళీ దగ్గర నిలబడేవాడు. చెప్పుతో అక్కడి గడ్డి సరిచేసి, "ఇక్కడ మనకి జాగా ఇవ్వరట" అని నవ్వేవాడు. బాప్తిస్మం లేనివాళ్లను అందులో పెట్టరు, అది సంఘం నియమం. ఆయన నవ్వు మాకు నవ్వులా ఉండేది కాదు. తరవాత ఊపిరితిత్తులు పాడయ్యాయి, డాకుల్లో పీల్చిన దుమ్ము కొంత, బీడీలు కొంత. మంచం దిగడం తగ్గిపోయింది.

అత్త ఒక శనివారం వచ్చి, గుమ్మంలోనే చెప్పింది. "అన్నియ్యా, యొర్దాను నీల్లు తెస్తే దిగుతానన్నావు గదా. ఎల్తన్నాను."

నాన్న నమ్మలేదు. "ఎక్కడికే?"

"యొర్దానుకే."

పెన్షనులో దాచుకున్నది పెట్టి, పవిత్ర దేశ యాత్రకు వెళ్లే గుంపులో చేరింది. తోడు కావాలని నన్ను కూడా లాక్కుపోయింది. అది కరోనా అన్న మాట ఇంకా చైనా వార్తల్లోనే వినిపిస్తున్న కాలం.

యొర్దాను దగ్గర మిగతావాళ్లంతా తెల్ల అంగీలు తొడుక్కుని, నీళ్లలో దిగి, కన్నీళ్లు పెట్టుకుని, ఫొటోలు తీసుకున్నారు. మా అత్త చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని మోకాళ్ల లోతు దిగింది. తాగే నీళ్ల సీసా ఒంపేసి, ఆ నీళ్లు నింపి, మూత బిగించి, ఆసుపత్రి ప్లాస్టరు పట్టీ చుట్టి, దాని మీద పెన్నుతో సిలువ గీసింది. "అయింది పని. పద, ఇంటికెల్దాం" అంది. ఇంకా చూడాల్సినవి సగం ఉన్నాయని గుంపు నాయకుడు చెబితే ముఖం ముడుచుకుంది. ఆమె కోరుకున్నట్టే యాత్ర సగంలో ఆగింది. రోగం ఎక్కడికక్కడ పాకుతోందని, హోటళ్లు మూసేస్తున్నారని, దొరికిన విమానం ఎక్కించి పంపేశారు.

కలకత్తాలో దిగితే మాస్కులు, వానకోట్లు వేసుకున్నవాళ్లు నుదుటికి చిన్న యంత్రం గురిపెట్టి చూశారు. ఇంటికి పంపలేదు, బస్సెక్కించారు. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లు రెండు వారాలు విడిగా ఉండాలట. న్యూటౌన్ దాటాక, ఇంకా ఎవరూ చేరని కొత్త హాస్టలు మేడ ముందు దింపారు. రంగు వాసన పోలేదు. పరుపుల మీద ప్లాస్టిక్కు తీయలేదు. మాకు మూడు మంచాల గది ఇచ్చారు. మూడో మంచం ఒక బంగాలీ దిదీది. లండన్‌లో కూతురి పురిటికి వెళ్లి వచ్చింది. అరవై దాటిన మనిషి. రోజూ తెల్లారే స్నానం చేసి, చిన్న గోపాలుడి బొమ్మ ముందు కళ్లు మూసుకుని కూర్చునేది. చిన్న రాగి చెంబులో గంగాజలం పట్టుకెళ్లిందట, లండన్‌లోనే అయిపోయిందని బాధపడేది. అత్తను దిదీ, అంటే అక్కా అనేది, అత్తా ఆమెను దిదీ అనేది. ఇద్దరికీ వచ్చిన హిందీ కలిపితే ఒక మనిషికి సరిపోదు. అయినా మాటలు ఆగేవి కావు.

అత్తను అలాంటి గదిలో పెట్టి తలుపు వేస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. మొదటి రోజు కిటికీలు తుడిచింది. రెండో రోజు తుడిచిన కిటికీలు తుడిచింది. మా ముగ్గురి బట్టలే కాక దుప్పట్లు, దిండు గలీబులు ఉతికింది. ఇక ఏమీ మిగలక నడవడం మొదలుపెట్టింది, తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకు. వరండాలోకి వెళ్తే కాపలా అబ్బాయి దూరం నుంచే, "మాశీమా, భితొరే జాన్, భితొరే" అని అరిచేవాడు, లోపలికి వెళ్లు పిన్నీ అని. ఈమె చేయి ఊపి, "ఎల్తన్నాను దాదా, ఎల్తన్నాను. నాను ఎక్కడికెల్లిపోతానని!" అంటూ ఇంకో చుట్టు తిరిగి వచ్చేది. బంగాలీ దిదీ తల పట్టుకునేది. "దిదీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. కాస్త బొషో, బొషో" అనేది. కూర్చోమని ఆమె అంటుంటే ఈమె నవ్వి నడిచేది.

కాని నాకు తెలుసు ఆ నడక దేనికో. సీసా కిటికీ గట్టు మీద, బైబిలు పక్కన ఉంది. ప్రతి చుట్టుకూ ఒకసారి దాన్ని చూసేది. అటు వాట్‌గంజ్ నుంచి మా ఆయన ఫోన్లు. "మీ నాన్న గంజి కూడా మింగడం లేదు. మీ అత్త ఎప్పుడొస్తాదని అడుగుతున్నాడు." నేను కూడా గోళ్లు కొరుక్కునేదాన్ని. అంతలో దేశమంతా మూసేస్తున్నారన్నారు. ఎవరూ ఇల్లు కదలకూడదట. కిటికీలోంచి చూస్తే పెద్ద రోడ్డు మీద ఒక్క కుక్క నడిచిపోతోంది.

అప్పుడు అత్తకు దగ్గు వచ్చింది. వరండాలో చల్లిన బ్లీచింగు వాసనకేనని నాకు తెలుసు, కాని ఆ రోజుల్లో దగ్గంటే దగ్గు కాదు. ఒంటి నిండా తొడుగులు వేసుకున్న నర్సులు వచ్చి ఆమెను కింది అంతస్తుకు తీసుకెళ్లారు, పరీక్షకు. వెళ్తూ వెళ్తూ నావైపు చూసి సీసా మీదికి కళ్లు తిప్పింది. జాగ్రత్త అని. నేను తలూపాను.

పొద్దున్న వెళ్లిన మనిషి మధ్యాహ్నమైనా రాలేదు. భోజనం పొట్లాలు వచ్చాయి, పప్పు, అన్నం, గుడ్డు. తినలేకపోయాను. ఎవరినైనా అడుగుదామని మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కాపలా అబ్బాయికి కూడా ఏమీ తెలియదు.

నేను తిరిగి వచ్చేసరికి గదిలో నేల మెరుస్తోంది. బంగాలీ దిదీ మా అత్త మంచం దగ్గర నిలబడి, చేతిలో సీసా వంచి, వేళ్లతో ఆఖరి చుక్కలు పరుపు మీద చల్లుతోంది. తలుపు, గడప, కిటికీ, మూడు మంచాలు, అన్నీ తడి. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి కళ్లనిండా నీళ్లతో, "నీ అత్తకు ఏమీ కాదమ్మా. గదంతా చల్లేశాను. మీ వాళ్ల గంగాజలం కదా ఇది? సిలువ చూశాను" అంది.

బంగాలీవాళ్ల ఇంట్లో రోగం వచ్చినా, చావు వచ్చినా, గంగాజలం చల్లుతారు. దేవుడి పుస్తకం పక్కన సిలువ గుర్తుతో నీళ్ల సీసా ఉంటే అది చల్లడానికి కాక మరి దేనికి? ఆమె తనకున్న భక్తంతా పెట్టి, మా అత్త కోసం, ఒక్క చుక్క మిగల్చకుండా చల్లింది. ఆమెను ఏమనను?  నా ముఖం చూసే ఏదో తప్పు జరిగిందని ఆమెకు అర్థమైంది. వచ్చీరాని హిందీలో మా నాన్న సంగతి చెప్పాను. "ఓ మా! ఆమి కీ కొర్లామ్!" అని, నేనేం చేశానమ్మా అని, అలాగే మంచం మీద కూలబడింది.

అత్త అప్పుడే వచ్చింది. దగ్గు ఏమీ కాదు, ఫలితం తరవాత చెబుతామన్నారట. చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చి, తడి నేల చూసింది. ఖాళీ సీసా చూసింది. ఏడుస్తున్న దిదీని చూసింది.  నడవడం మొదలుపెట్టింది. తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకు. తడి నేల మీద ఆమె అడుగులు పడుతున్నాయి, పొడిగా ఉన్న వైపు అచ్చులు తేలుతున్నాయి, మడమ పగుళ్లతో సహా. ఎండ తగిలి మొదటివి ఆరుతుంటే మళ్లీ కొత్తవి. నేను ఆ అడుగులే చూస్తూ కూర్చున్నాను.

చివరికి దిదీ ముందు ఆగింది. భుజం మీద చేయి వేసింది, ఒకరినొకరు తాకకూడదని అందరూ చెబుతున్న రోజుల్లో.

"ఏడవకు దిదీ. మంచాలు మూడూ బాప్తిస్మం పుచ్చుకున్నాయి. ఇంక మిగిలింది మా అన్నియ్యొక్కడే."

ఇది ఆమె తెలుగులోనే అంది. దిదీకి అర్థమై ఉండదు. కాని అత్త నవ్వుతుంటే తనూ ఏడుస్తూ నవ్వింది.

ఆ సాయంత్రమే అత్త పాస్టరుగారికి ఫోను చేసింది. "యొర్దాను లేదు, ఏటీ లేదు. ఏ నీల్లయితే ఆ నీల్లు. మీరెల్లి మా అన్నియ్యకి ఇచ్చీండి పాస్టరుగారూ. ఒప్పించే పని నాది."

ఆయన మంచివారే. "వంతెన మీద పోలీసులున్నారమ్మా. నన్ను రానివ్వరు. వచ్చినా, ఆ స్థితిలో ఉన్న మనిషిని తొట్టిలో ఎలా ముంచగలం? కొంచెం తెరిపి ఇవ్వనివ్వండి" అన్నారు.

"తెరిపి దాకా మా అన్నియ్య ఉండాల గదా" అంది అత్త. ఫోను పెట్టేసి మళ్లీ నడిచింది.

గడువు తీరి, పరీక్షలో ఏమీ లేదని తేలి, మమ్మల్ని పంపించే రోజు, అత్త వరండా చివర కొళాయి దగ్గర ఆ సీసా నింపుతూ కనిపించింది. ప్లాస్టరు పట్టీ, సిలువ అలాగే ఉన్నాయి. 

"ఎందుకత్తా?"

"కాళీ సీసా పట్టుకెల్తే ఏటి బాగుంటాది?"

అంతే చెప్పింది. సర్కారు వ్యాను మమ్మల్ని ఎక్కించుకుంది. దిదీ గేటు దగ్గర చేతులు జోడించి నిలబడింది. నేను పుట్టిన ఊరే, ఎప్పుడూ అలా చూడలేదు. వంతెనలు ఖాళీ, ట్రాము పట్టాలు ఖాళీ, గుర్రప్పందాల మైదానం పక్కన ఒక్క మనిషి లేడు. బండి తొందరగా పోతోంది, నాకు ఇంకా తొందరగా పోతే బాగుండునని ఉంది, పోకపోతే బాగుండుననీ ఉంది. సీసా అత్త ఒళ్లో ఉంది. నాన్నకు ఏం చెబుతుంది? ఇది యొర్దాను అంటే ఆయన నమ్ముతాడు. ఎలా తెలుస్తుంది ఆయనకు? అబద్ధంతో మొదలైన బాప్తిస్మం దేవుడి దగ్గర నిలుస్తుందా? నిజం చెబితే ఆయన మళ్లీ పాత మాటే అంటే? దారి పొడుగునా లోపల ప్రార్థించాను, ఏమని ప్రార్థించాలో తెలియకుండానే.

నాన్న కిటికీ పక్క మంచంలో ఎముకల గూడులా ఉన్నాడు. చెల్లెల్ని చూసి కళ్లు మెరిశాయి.

"ఏటే, తెచ్చావా?"

అత్త సీసా ఆయన గుండెల మీద పెట్టింది. ఆయన సిలువ మీద వేలితో తడిమాడు. నేను తల దించుకున్నాను.

"తెచ్చాను అన్నియ్యా. గాని ఇది యొర్దాను కాదు" అంది అత్త. "మమ్మల్ని పెట్టిన మేడలో కొళాయి నీల్లు. యొర్దాను నీల్లు ఒక బంగాలీ దిదీ మా మంచాల మీద జల్లీసింది. నాకు దగ్గొస్తే, నాను సచ్చిపోతానని బయపడి."

నాన్న కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వు మొదలైంది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వయింది. "మంచాల మీదా! అంత దూరం పోయి తెచ్చి, మంచాలకి పోయించావటే!"

"ఆఁ."

"అబద్దం ఆడితే నాకేటి తెల్సును? ఆడలేకపోయావా?"

"ఆడొచ్చు. వ్యాను ఎక్కినకాడ నుంచి అదే అనుకున్నాను" అంది అత్త. "గాని నువ్వు రేపు పైకెల్లాక ఆయనే సెప్పీస్తాడు గదా. అప్పుడు నా మీద కోపమొస్తాది నీకు."

నాన్న కళ్లు మూసుకుని, "సరే, కానీ. తొట్టెక్కడుంది మరి?" అన్నాడు.

"తొట్టి ఎందుకు? నాను లేనా?"

నన్ను అల్యూమినియం బేసిను, పాత గమ్చా తువ్వాలు తెమ్మంది. సీసా నీళ్లు బేసిను అడుగుకు కూడా రాలేదు. మా ఇంటి కొళాయి నీళ్లు కలిపింది. మా ఆయన తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు. అత్త కొంగు బిగించింది.

"యేసు ప్రబువుని నమ్ముతన్నావా?"

"నిన్ను నమ్ముతన్నాను."

"నన్ను కాదు, ఆయన్ని."

"నీ ఎనకాలే ఉన్నాడు గదే. ఆయన్నీ నమ్ముతన్నాను. మరి బీడీ?"

"పీల్సడానికి ఊపిరేదీ నీకు? మానీసినట్టే."

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అని పెద్దగా చెప్పి, గమ్చా పిండి, నుదుటి మీద మొదలుపెట్టింది. చెవుల వెనక, మెడ మడతలు, బస్తాలు మోసి కాయలు కాసిన భుజాలు, చంకలు, పక్కటెముకల సందులు, ఒక్కొక్క వేలు. ముంచలేని మనిషిని ముంచినట్టే, ఎక్కడా పొడి లేకుండా. నేను బేసిను పట్టుకున్నాను. అరికాళ్ల దగ్గరికి వచ్చేసరికి నాన్న చక్కిలిగింత పెట్టినట్టు కాళ్లు ముడిచాడు. "ఉండు, ఇదే ఆకర్ది" అంది. ఆ పని అయ్యేదాకా ఆమె మంచం అంచున కూర్చునే ఉంది. వీపు ఆనించకపోయినా కూర్చుంది. అదొక్కసారే నేను చూశాను.

తెరిపి రాకముందే నాన్న పోయాడు. బండిలో పెట్టెతో పాటు ముగ్గురం, మాస్కులు కట్టుకుని వంతెన దాటాం. సమాధుల తోట గేటు దగ్గర పాస్టరుగారు ఒక్కరే బైబిలు పట్టుకుని ఉన్నారు. దూరంగా గొయ్యి తవ్వేవాళ్లు. ఎక్కడ తవ్వాలో వాళ్లకింకా చెప్పలేదు. ఆయన బాధగా అడిగారు.

"పుచ్చుకున్నాడా అమ్మా?"

"పుచ్చుకున్నాడు" అంది అత్త.

"ఎవరిచ్చారు?"

"నానే."

 మా సంఘంలో ఆడవాళ్లు రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల దగ్గర కూడా నిలబడరు. అత్త కాళ్లు నిలవలేదు. గేటు ముందే అటూ ఇటూ నడుస్తోంది.

"నెత్తి కాడి నుంచి అరికాలి దాకా తడిపినాను పాస్టరుగారూ. పొడిగా ఉన్న జాగా ఎక్కడన్నా ఉంటే సూపించండి. పెట్టె తియ్యమంటాను."

గంగ మీది గాలి వస్తోంది. నేను మనసులో వేడుకుంటున్నాను. అమ్మ పక్కన ఆ కొంచెం ఖాళీ గేటులోంచి కనిపిస్తూనే ఉంది. ఆయన చాలాసేపు బైబిలు అట్టను బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డారు. తరవాత గొయ్యి తవ్వేవాళ్లను పిలిచి, మా అమ్మ సమాధి వైపు వేలు చూపించారు.

భూస్థాపన అయ్యాక అత్తతో మెల్లిగా అన్నారు, "ఈ మాట ఇక్కడే ఉండనివ్వండమ్మా. బయటికి వెళ్తే నన్ను అడిగేవాళ్లుంటారు. మిమ్మల్ని కూడా వదలరు." అత్త తలూపింది. ఆ మాట చివరిదాకా నిలబెట్టుకుంది.

ఆ బాప్తిస్మం చెల్లుతుందా అని ఆమె తరవాత ఎప్పుడూ మథనపడలేదు. నేను పడుతూనే ఉన్నాను. ఒకసారి అడిగితే, "నాకొచ్చిన పని నాను సేసాను. మిగిలింది ఆయన సూసుకుంటాడు, ఆయనేం కాళీగా కూకోలేదు గదా" అని మార్కెట్టుకు బయలుదేరింది. ఆ తరవాత ఇంకా ఎక్కువ తిరిగింది, ఆసుపత్రులు, రోగుల ఇళ్లు, ఎక్కడ ఎవరు మంచాన ఉంటే అక్కడ గమ్చా పట్టుకుని. పోయే ముందు కొద్ది రోజులే మంచంలో ఉంది. నేను తుడుస్తుంటే, "ఏలి సందులమ్మీ" అని గుర్తుచేసింది.

పోయాక ఆమెను కడిగింది నేనే. లిలువా ఇంట్లో, ఆమె గమ్చాతోనే. సంఘం ఆడవాళ్లు సాయం వస్తామన్నారు, వద్దన్నాను. నుదుటి దగ్గర మొదలుపెట్టి అరికాళ్లతో ముగించాను. పెట్టె మూసే ముందు పాస్టరుగారు నా పక్కకు వచ్చారు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తని మనిషి.

"ఎవరు కడిగారమ్మా?"

"నేనేనండి."

ఆయన ఇంకా గొంతు తగ్గించారు. "ఎక్కడా పొడి లేదు కదా?"

"లేదండి" అన్నాను.

ఆయన తల వంచుకుని ముందుకు వెళ్లి ప్రార్థన మొదలుపెట్టారు.

ఇదీ నేను ఆ కూడికలో లేచి చెప్పలేకపోయింది. ఆ పాస్టరుగారు ఇంకా ఇక్కడే సేవ చేస్తున్నారు. ఆయనకు మాట రాకూడదు. మా పిల్లలకు తెలుగు చదవడం సరిగ్గా రాదు, అది ఒక విధంగా మంచిదయింది. ఎప్పుడైనా ఈ కాగితాలు కూడబలుక్కుని చదవగలిగినవాళ్ల చేతిలో పడితే, చదివి దాచండి. ఎవరికీ చూపించకండి. పారేయకండి.

అత్తను కడిగిన రోజు, అందరూ ఆమెను తీసుకుని బయటికి వెళ్లాక, బేసిను తీయడానికి నేను ఒక్కదాన్నే గదిలోకి తిరిగి వచ్చాను. నేల ఇంకా తడిగా ఉంది. మంచం నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి మంచానికి తడి అడుగులు. ఒక్క క్షణం ఆమెవే అనుకున్నాను. వంగి చూశాను. మడమలకు పగుళ్లు లేవు. అవి నావే.